గుండిగల దావా

"కోర్టుకెల్లినోలకి కోర్టే వండి పెడతాది."

అక్క పెళ్ళికి వంటపాత్రలు అడగడానికి వెళ్ళిన మా నాన్నతో మా తెలుగు సంఘం పెద్ద అన్న మాట ఇది. సంఘం హాలు అరుగు మీద కమిటీ వాళ్ళు నలుగురు కూర్చుని ఉండగా అన్నాడు. నలుగురూ నవ్వారు. నేను నాన్న పక్కనే నిలబడి ఉన్నాను. అప్పటికి నల్లకోటు వేసుకుని ఏడాది కూడా కాలేదు. పళ్ళు కొరుక్కుంటూ ఇంటికి వచ్చాను.

నాన్న ఇక్కడి ఉక్కు కంపెనీలో క్రేను నడిపేవాడు. డ్యూటీ లేనప్పుడు ఆయనకి ఇంకో హోదా ఉండేది. భాలుబాసా పేటలోనైనా, మా కాసిడీహ్‌లోనైనా, బిర్సానగర్‌లో కొత్తగా ఇళ్ళు కట్టుకున్న వాళ్ళింట్లోనైనా, తెలుగువాళ్ళ విందు ఎక్కడ జరిగినా గాడిపొయ్యి తవ్వేదీ, తొలి నిప్పు పెట్టేదీ ఆయనే. వంటవాళ్ళని ఎవరినైనా పెట్టుకోవచ్చు, పొయ్యి మాత్రం ఆయన వెలిగించాల్సిందే. శ్రీకాకుళం నుంచి పనికోసం వచ్చి ఈ బీహారీ ఊళ్ళో స్థిరపడిన మా వాళ్ళలో అదొక పద్ధతిగా పడిపోయింది. ముందురోజు ఇంటివాళ్ళు మా గుమ్మం దాకా వచ్చి, "బావా, రేపు నువ్వొచ్చి పొయ్యి ఎలిగించాల" అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు వినగానే నాన్న ఛాతీ కొంచెం ముందుకొచ్చేది. జీతం పెరిగినప్పుడు కూడా అలా రావడం నేను చూడలేదు.

మరి సంఘం పెద్దకి మా మీద కోపం ఎందుకు? నా వల్లే. ఆయనకి భాలుబాసాలో అద్దెగదులు ఉండేవి. అందులో ఒక గదిలో ఇడ్లీలు అమ్ముకునే ఒంటరి ఆడమనిషి సామాను ఒకరోజు రోడ్డు మీద పడేయించాడు. ఆవిడ ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. నేను దావా వేసి, స్టే తెచ్చి, ఆవిడ రుబ్బురోలు మళ్ళీ ఆవిడ గదిలో పెట్టించాను. మా వాళ్ళలో తగువులన్నీ పెద్దమనుషులే తీర్చేవాళ్ళు. తెలుగువాళ్ళ గొడవ కోర్టుకెక్కడం అదే మొదలు, అదీ ఒక ఆడపిల్ల చేతి మీదుగా. అందుకే ఆ మాట.

సంఘం పాత్రలు హాలు వెనక గదిలో ఉండేవి. అందరూ చందాలు వేసుకుని ఏళ్ళ తరబడి కూడబెట్టినవి. మనిషి లోపల కూర్చోగలిగినంత ఇత్తడి గుండిగలు, గంగాళాలు. ఇచ్చినవాళ్ళ పేర్లు అంచుల మీద తెలుగులో చెక్కించి ఉండేవి. అవి లేక అక్క పెళ్ళిలో టెంట్‌హౌస్ వాడి చిన్న డేగిసాలలో వండాం. అన్నం విడతలు విడతలుగా ఉడికింది. రెండో బంతిలో మగపెళ్ళివారి పెద్దలు ఖాళీ ఆకుల ముందు కూర్చుని ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నాన్న పొయ్యి దగ్గర్నుంచి తలెత్తలేదు.

అంతటితో ఆగినా ఊరుకునేదాన్నేమో. ఆగలేదు. మా నాన్నని పొయ్యికి పిలిచినవాళ్ళకి గుండిగలు ఇవ్వబోమని సంఘం పెద్ద చాటించాడు. ఇక మా గుమ్మంలోకి ఎవరూ రాలేదు. పెళ్ళిళ్ళ రోజుల్లో నాన్న తెల్లచొక్కా వేసుకుని వాకిట్లో కూర్చునేవాడు. కాసేపయ్యాక లేచి చొక్కా విప్పేసేవాడు.

అప్పుడు నిర్ణయించుకున్నాను. ఆ మనిషి మా గుమ్మంలోకి రావాలి. తన నోటితో నాన్నని పొయ్యికి పిలవాలి. అంతకు తక్కువ ఏదీ నాకు వద్దు.

సాక్చీలో నేను జూనియర్‌గా ఉన్న ఆఫీసు ఒక బెంగాలీ పెద్దాయనది. సివిల్ దావాలు తప్ప ఇంకోటి ముట్టుకోడు. ఫోను నా బల్ల మీదే ఉండేది. రిసీవరుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకునే డ్రాఫ్టులు రాసేదాన్ని. "ఈ అమ్మాయి ఫోన్‌నే పెళ్ళాడుతుంది" అని ఆయన హిందీలో వేళాకోళం చేసేవాడు. నా కోపం గురించి కూడా ఆయనకి బాగా తెలుసు. ఒకసారి అవతలి వకీలు మీద అరిచి వచ్చినప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు: "బేటీ, సివిల్‌లో గుస్సా దిఖాయా నహీ జాతా. ఫైల్ కియా జాతా హై." కోపాన్ని చూపించకూడదట, దాఖలు చెయ్యాలట.

సరే, దాఖలు చేద్దాం అనుకుని కాచుకున్నాను.

సంఘం పెద్ద కొడుక్కి పెళ్ళి కుదిరింది. పిల్ల తండ్రి కంపెనీలో ఇంజినీరు. పెళ్ళి వాళ్ళింట్లో, తరవాత విందు మాత్రం మా హాల్లో, ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ. తారీకు తెలియగానే ఫోను దగ్గరికి లాక్కున్నాను. సాక్చీ, బిష్టూపూర్‌లలో ఉన్న టెంట్‌హౌస్‌లన్నింటికీ వరసగా డయల్ చేశాను. పెద్ద డేగిసాలు కావాలి, ఆ రోజుకి ఉన్నాయా? లగ్నాల కాలం, ఆ రోజుకి అన్నీ బుక్ అయిపోయాయి. "ఉస్ దిన్ తో సబ్ బుక్ హై మేడమ్." ఒకడు అన్నాడు, ఇంకొకడు అన్నాడు, అందరూ అదే అన్నారు. ఇక ఆయనకి సంఘం గుండిగలే గతి. ఆఖరిసారి రిసీవరు పెట్టేసేటప్పటికి నాకు నవ్వు ఆగలేదు. సీనియర్ కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"కేస్ లడ్ రహీ హో, యా బద్లా లే రహీ హో?" కేసు నడుపుతున్నావా, కక్ష తీర్చుకుంటున్నావా అని.

"దోనో సర్." రెండూ అన్నాను.

ఆయన కలం మూసి, వకాల్తా కాగితం నా వైపు తోశాడు. మొదటి సంతకం తనే చేశాడు.

సంఘం సభ్యుడికి సంఘం పాత్రల మీద హక్కు ఉందనీ, ఆ హక్కుని ఒక్క మనిషి కాలరాస్తున్నాడనీ, దావా తేలేదాకా పాత్రలకి తాళం వెయ్యాలనీ నాన్న పేరున రాశాను. బలంగా ఉండాలని ఇంకో ముక్క చేర్చాను: అన్నిటికంటే పెద్ద గుండిగ మీద వాది పేరు చెక్కించి ఉంది. చిన్నప్పటి నుంచీ నాన్న ఆ గుండిగని చింతపండు పెట్టి తనే తోముకోవడం, దాని మీద అరచేత్తో కొట్టి "ఇది నాది" అనడం చూసినదాన్ని. కాగితాలు ఇంటికి తెచ్చి ముందు పెట్టాను. నాన్నకి ఇంగ్లీషు రాదు, నేను చదివి చెప్పే ఓపిక లేనిదాన్ని.

"ఇది పెడితే ఆడు మనింటికి వత్తాడేటి?"

"వస్తాడు నాన్నా."

"అయితే సంతకం ఎక్కడ?"

మున్సిఫ్ గారు పాత్రలు లెక్క రాసి గదికి సీలు వెయ్యమని ఒక వకీలుని కమిషనర్‌గా పంపారు. పాన్ నములుతూ వచ్చాడు, బీహారీ ఆయన. హాలు ముందు వీధంతా పోగయింది. సంఘం పెద్ద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కమిషనర్ పెద్ద గుండిగ దగ్గర ఆగి, అంచు మీద అక్షరాలు చూసి నా వైపు తిరిగాడు.

"మేడమ్, ఆప్‌కే పితాజీ కా నామ్? పఢియే." మీ నాన్నగారి పేరేనా, చదవండి అని.

నాకు తెలుగు చదవడం రాదు. చదువంతా హిందీ, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికే. ఆ అక్షరాలు నాకు గుండ్రటి ముగ్గుల్లా కనిపించాయి.

"ఆ పిల్లకి రాదు సార్, నాను సదువుతాను," అని సంఘం పెద్ద ముందుకొచ్చాడు. వేలు పెట్టి, ఒక్కో అక్షరం సాగదీసి, వీధంతా వినేటట్టు చదివాడు. అది ఆయన తండ్రి పేరు.

వీధి గొల్లుమంది.

"ఓలమ్మా, నల్లకోటేసిన గుంటకి అ ఆలు రావేటి!" అన్నాడాయన. "మా బాబు పేరుని దీని బాబు పేరంటాది! కోర్టులో ఇలాగేనేటి నువ్వు సదివీది?"

చెవులు కాలిపోయాయి. కమిషనర్ ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాడు, గదికి తాళం వేసి లక్క సీలు కొట్టి వెళ్ళిపోయాడు. సీలు పడిందన్న సంతోషం కూడా నాకు మిగల్లేదు. ఇంటికి వచ్చి నాన్న మీద విరుచుకుపడ్డాను.

"నాదే అంటావు కదా ఎప్పుడూ!"

"నాదన్నాను. నా పేరుందన్నానా?" అన్నాడు నాన్న నింపాదిగా. "దాన్లో అడుగంటకుండా వండించీది నానొక్కడినే. మరి నాది కాకపోతే ఎవులిది?"

ఆ మర్నాడే అమ్మ దగ్గర పలక పెట్టుకుని కూర్చున్నాను. ఇలా తెలుగులో రాస్తున్నానంటే ఆ కసి పుణ్యమే. భాష మీద ప్రేమతో అనుకుంటారు కొందరు, అనుకోనీండి.

అవతలి వకీలు మా దావాలో అబద్ధం ఉంది కాబట్టి తాళం తీయించమని పిటిషన్ వేశాడు. విచారణ విందుకి కొద్ది రోజుల ముందు పడింది. ఆ రోజు తాళం తీస్తే నేను ఓడినట్టే, ఇక నాన్న జన్మలో పొయ్యి దగ్గరికి వెళ్ళడు. తియ్యకపోతే ఆ మనిషికి మా గుమ్మం తప్ప దారి లేదు.

కోపిష్టి మనిషి గుట్టు ఇంకో కోపిష్టికే తెలుస్తుంది. సంఘం పెద్ద కూడా నాలాంటివాడే, గిల్లితే ఆగడు. కోర్టు వరండాలో ఆయన పక్కగా నడుస్తూ మెల్లిగా అన్నాను.

"అంకుల్, మీ నాన్నగారి పేరు భలే చదివారు. ఆ ఒక్కటే మీది, పాపం."

"ఒకటేటి? అన్నీ మావే!"

"అలాగా? జడ్జిగారి ముందు అనగలరా?"

"అనకపోతే నా పేరు మార్సుకుంటాను!"

లోపల అవతలి వకీలు నా తప్పుని చక్కగా విప్పి చూపించాడు. మున్సిఫ్ గారు నా వైపు చూశారు. గుండిగ మీద పేరు విషయంలో పొరపాటు నాదేనని ఒప్పుకుని, ప్రతివాదిని ఒక్క ప్రశ్న అడగమని వేడుకున్నాను: పాత్రలు ఎవరివి?

అడిగారు. వాళ్ళ వకీలు కోటు పట్టుకుని లాగుతున్నా ఆయన ఆగలేదు. "హుజూర్, బర్తన్ మేరే బాప్ కే హై. సంఘ్ భీ మేరే బాప్ కా బనాయా హై. జిస్‌కో చాహూంగా, ఉస్‌కో దూంగా!" పాత్రలూ, సంఘమూ తన తండ్రివేనట, తనకి ఇష్టమైనవాళ్ళకే ఇస్తాడట.

వెనక బెంచీ మీద ఆ రోజు అరుగు మీద నవ్విన నలుగురూ ఉన్నారు. మొదట ఒకడి మెడ పైకి లేచింది. పక్కవాడితో గుసగుసగా అనబోయాడు గానీ గొంతు అదుపు తప్పింది.

"ఏటీ? మా యమ్మ పేరున్న గంగాళం కూడా ఈడి బాబుదేనేటి?"

"మరి మా తాత ఇచ్చిన గుండిగో?" అన్నాడు రెండోవాడు.

కోర్టు గుమస్తా పేష్కార్ "ఖామోష్!" అని అరవాల్సి వచ్చింది. సంఘానికి ఆస్తి ఉందో, లేక అంతా ఈయన ఇంటి సామానో ముందు తేలాలని మున్సిఫ్ గారు తాళం అలాగే ఉంచారు. తరవాతి వాయిదా విందు అయిపోయాక ఇచ్చారు. ఈలోగా రాజీ పడితే కాగితం తెచ్చుకోమన్నారు. బయటికి వచ్చాక ఆ నలుగురూ సంఘం పెద్దతో కలిసి రిక్షా ఎక్కలేదు.

ఆయన ఊళ్ళో టెంట్‌హౌస్‌లన్నీ తిరిగాడని తెలిసింది. తిరగనీ అనుకున్నాను. ఆ తరవాతి సాయంత్రం మా గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ కుర్చీ వేసింది గానీ కూర్చోమనలేదు. నాన్న మంచినీళ్ళు ఇచ్చాడు. ఆయన గ్లాసు పట్టుకునే ఉన్నాడు, తాగలేదు.

"సిన్న ఇసయం బావా, ఇంత పెద్దదైపోనాది. మనం మనం ఒకటి." గొంతు సవరించుకున్నాడు. "మా ఓడి విందుకి... నువ్వొచ్చి పొయ్యి ఎలిగించాల."

ఇన్నాళ్ళూ నేను కాచుకున్న మాట అదే. నాన్న ముఖం చూశాను. కరిగిపోతాడని భయపడ్డాను, మెత్తటి మనిషి. నాన్న భుజం మీద తువ్వాలు తీసి, తాపీగా మడత పెట్టి, మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"నానేటి సెప్పగలను బాబూ? మా వకీలునడగండి," అని నా వైపు చూపించాడు.

ఆ మనిషి నా వైపు తిరిగాడు.

"ఇక్కడ కాదు అంకుల్," అన్నాను. "హాలు అరుగు మీద. ఆ నలుగురూ ఉండగా పిలవండి. అడిగిన తెలుగువాళ్ళందరికీ పాత్రలు ఇస్తామని రాజీ కాగితం మీద సంతకం పెట్టండి. తాళం తీయిస్తాను."

"ఆడపిల్లవి, ఇంత పంతమేటమ్మా నీకు?"

"వాయిదా విందు తరవాత అంకుల్. మీ ఇష్టం."

మర్నాడు అరుగు మీద పిలిచాడు. నలుగురూ ఉన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను దగ్గరుండి విన్నాను, చాలా మెల్లిగా అన్నాడని మళ్ళీ ఒకసారి గట్టిగా అనిపించాను. తాళం తీసిన రోజు సీనియర్ అడిగాడు, "అబ్ ఖుష్?" ఇంకా లేదు సర్ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి తన ఫైల్లోకి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే నాకు సొంతంగా క్లయింట్లు రావడం మొదలైంది. అన్నదమ్ముల గోడ తగాదాలు, అద్దె తగాదాలు. అందరూ తెలుగువాళ్ళే. అందరూ అదే అడిగేవాళ్ళు: "అవతలోలనీ అలాగే మా గుమ్మంలోకి రప్పించగలవేటమ్మా?"

విందు రోజు నాన్న తెల్లవారకముందే వెళ్ళాడు. నేను మంచి చీర కట్టుకుని వెళ్ళి, మొదటి బంతిలో, అందరికీ కనిపించే చోట కూర్చున్నాను. మా వాళ్ళలో విందు ఇచ్చే ఇంటిపెద్ద వరసల మధ్య తిరుగుతూ స్వయంగా కొసరి వడ్డించాలి. అది తప్పించుకుంటే పరువు పోతుంది. ఆయన పప్పు గిన్నె పట్టుకుని వచ్చాడు. నా ఆకు దాకా వచ్చి దాటిపోబోయాడు.

"అంకుల్, పప్పు."

ఆగి వంగాడు. చుట్టూ చూస్తున్నారు. వడ్డించాడు. పులిహోర అడిగాను, తెచ్చాడు. బూరె అడిగాను, నెయ్యి వెయ్యమన్నాను. కమిటీ వాళ్ళు ఎదుటి వరసలో తినడం మానేసి చూస్తున్నారు. నాకు కడుపు ఎప్పుడో నిండిపోయింది. ఆయన ఒక చెయ్యి మోకాలికి ఆనించి, నడుం నొప్పితో ముఖం చిట్లిస్తూ పెరుగు వేశాడు. లేవబోయాడు.

"ఇంకో గరిటె," అన్నాను.