గేటు దగ్గర టీ తాగమన్న బావ

"మీ బావ ఎల్లిపోనాడ్రా" అని అక్క ఫోన్ చేసినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ముందు గుర్తొచ్చింది ఆయన తప్పిన మాట. నా ఇరవైల్లో, పోర్టులో క్రేను నడిపే బావ, "గుమస్తా కాళీ ఉంది. ఆఫీసరుకి నీ పేరు నాను సెప్తాను, బెంగెట్టుకోకు బావా" అన్నాడు. చెప్పలేదు. ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. నేను వన్ టౌన్‌లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ ముసలివాణ్ణయ్యాను. ఎన్నో పుస్తకాలు చదివాను, పింఛను మాత్రం లేదు. ఎందుకు చెప్పలేదని ఎన్నిసార్లు నిలదీసినా ఆయనది ఒకటే జవాబు: "మర్సిపోనాను బావా." పైగా నవ్వేవాడు.

సంతాప సభలో ఒకాయన, బావ వందలమందికి ఉద్యోగాలిచ్చాడన్నాడు. శుద్ధ అబద్ధం. ఇచ్చే స్థానం ఆయనకెప్పుడూ లేదు. రిటైరయ్యాక ఆదివారాలు ఉద్యోగాలు వెతుక్కునే పిల్లల్ని ముందుగదిలో కూర్చోబెట్టుకుని మాట్లాడేవాడు, అంతే. నాకిచ్చిన మాట తప్పినవాడు లోకానికి సలహాలివ్వడమేమిటని ఆదివారాలు నేను ఆ వైపు వెళ్లేవాణ్ణి కాదు, నా మనవరాలు లాక్కెళ్లేదాకా.

ఆ పిల్ల కెమిస్ట్రీ చదివింది. బయోడేటా చేతికివ్వగానే బావ పెన్ను తీశాడు. "హాబీలు, పుస్తక పఠనం... ఇదెందుకమ్మా? మీ తాతకే పనికిరానేదు" అని కొట్టేశాడు. గదిలో అందరూ నవ్వారు.

"ఏటొచ్చు నీకు?"

"ఏ పనైనా చేస్తాను తాతయ్యా."

"ఏ పనైనా అన్నోళ్లకి ఏ పనీ ఇవ్వరు. నీ సేత్తో సేసిందొకటి సెప్పు."

కాలేజీ ల్యాబులో త్రాసు తప్పు తూకం చూపిస్తుంటే తానే పట్టుకున్నానని పిల్ల నసిగింది. "అదీ! ఎలా పట్టుకున్నావో అది సెప్పు. తెలీంది అడిగితే తెలీదను, బుకాయించకు. ఇంకోటి. ఇంటర్వ్యూ ముందురోజు ఆ ఫ్యాక్టరీ గేటు కాడికెల్లి, షిఫ్టు దిగే యేలకి టీ తాగు. బయటికొచ్చే ఆడపిల్లల మొకాలు సూడు. జీతం టయానికిత్తన్నారా, బస్సుందా అని అడుగు. ఆళ్లు నిన్ను సూసేది రేపు. నువ్వు ఆళ్లని ఇయాలే సూడు."

అచ్యుతాపురంలో రెండు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర పిల్లతోపాటు నేనూ టీ తాగాను. మొదటి చోట మేం అడిగినవాళ్లెవరూ ఆగి మాట్లాడలేదు, అక్కడి ఇంటర్వ్యూకి వెళ్లనంది పిల్ల. రెండోచోట ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రం బావకి చెప్పడానికి వెళ్లి, చెప్పాక, కృతజ్ఞత మాట నోట్లోనే ఆగిపోయి, మళ్లీ ఆ గుమస్తా ఉద్యోగం సంగతే ఎత్తాను. ఆయన మళ్లీ నవ్వాడు.

పెద్దకర్మ అయ్యాక అక్క ఆయన చొక్కాలు మడతపెడుతోంది. "ఇప్పుడైనా చెప్పు, నిజంగా మర్చిపోయాడా?" అన్నాను.

"మర్సిపోనేదురా. నానే సెప్పొద్దన్నాను. నువ్వు ప్రతోడితోనూ వాదనేసుకునేవోడివి. నెల తిరక్కుండా ఆఫీసరుతో దెబ్బలాడితే, నిన్ను పెట్టించినోడని ఈయన ఉజ్జోగం ఏటయ్యేది? అప్పటికి నా కడుపులో పిల్ల."

"మరి ఇన్నేళ్లూ ఆ సంగతి నాతో అనలేదేం?"

"ఆయనే అననివ్వనేదు. ఆడికి అక్క మీద కోపమొత్తే నీకు పుట్టిల్లన్నదుండదు, నన్నే తిట్టుకోనీ అన్నాడు."

ప్రతి పెళ్లిలో, ప్రతి పేరంటంలో, పదిమంది ముందు ఆయన్ని దెప్పాను. ఇప్పుడా మాటలన్నీ ఎక్కడికి పోవాలి? ఆయన చేసింది ద్రోహమో దయో నాకు తెలియడం లేదు. అక్క అన్నట్టు ఆఫీసరుతో నేను దెబ్బలాడేవాణ్ణేనా? అదీ తెలియదు. తేల్చుకునే అవకాశమే నాకు దక్కలేదు కదా.

"నీకు సరిపోద్దేమో" అంటూ అక్క ఒక చొక్కా ఇచ్చింది. కాలరు దగ్గర పాత గ్రీజు మరక. తెచ్చుకున్నాను కానీ తొడుక్కోలేకపోయాను. ఎదురుగా కుర్చీ వీపున వేలాడుతోంది. ఫ్యాను గాలికి ఒక చెయ్యి ఊగుతోంది. దాన్ని చూస్తూ బావ మీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు. ఇప్పుడు నేను తప్పు మోపుతున్నది ఒక్కరి మీదే. మా అక్క మీద.