ఓటు అడగడానికి కబ్ద్ దాకా

"ఎవరినీ అడగొద్దు పెద్దమ్మా. నా ఓట్లు నేను తెచ్చుకుంటా."

"సరేలేమ్మా, అడగను."

గురువారం సాయంత్రం ఫోన్లో నేనూ సుజాతా ఆఖరున అనుకున్న మాటలు ఇవే. శుక్రవారం పొద్దున ఏడింటికి నేను కువైట్లో జాబ్రియా బస్టాపులో ఉన్నాను.

సుజాత నా చెల్లెలి కూతురు, కడపలో లాయరు. రాష్ట్ర లాయర్ల కౌన్సిల్ ఎన్నికలో నిలబడింది. అక్కడ ఓటు లాయర్లకే గాని నాబోటి వేలిముద్ర మనిషికి ఉండదు. కానీ చెల్లెలు పోయాక ఆ పిల్లను చదివించింది నేను. ఊరకే ఎట్లా కూర్చుంటాను? రాయచోటిలో ఒక పెద్ద లాయరున్నాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న లాయర్లంతా ఆయన చెప్పినవాళ్లకే వేస్తారట. ఆయన అన్న మస్తాన్ ఇక్కడే, కబ్ద్‌లో గొర్రెల దొడ్డి చూసుకుంటాడు. తమ్ముడు ఆయన మాట దాటడు. మస్తానూ నా భర్తా ఒకే విమానంలో కువైట్ వచ్చారు, ఒకే గదిలో ఉన్నారు. నా భర్త ఇక్కడ పోయినప్పుడు పెట్టె వెంట మా ఊరిదాకా వచ్చింది మస్తానే. ఆ తర్వాత నేనాయన్ను చూడలేదు.

ఫోన్లో అడగొచ్చు కదత్తా అంటోంది ఇది రాస్తున్న నా మేనకోడలు రమ. ఓటు ఫోన్లో అడిగేది కాదు. గడప ముందుకు పోయి నిలబడాలి.

నేను పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, చీకటి పడేలోపు రమ్మని పంపింది. జాబ్రియాలో ఎక్కితే అబ్బాసియా దాకా నాకు మూడు వందల ఫిల్స్ అయింది. చిల్లర చేతిలో పెట్టుకుని ఎక్కండి, లేకుంటే డ్రైవరు కసురుతాడు. నా పక్కన భీమవరం ఆమె కూర్చుంది, సాల్మియాలో వంటపని. ఎక్కడికని అడిగితే ఉన్నది చెప్పాను.

"కడప ఓటుకి కువైట్లో ప్రచారమేంటండీ? మైకు కూడా తెచ్చుకున్నారా?" అంది.

"మైకెందుకు తల్లీ, ఈ గొంతు చాలదా?" అన్నాను. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నా గొంతు అట్లాంటిది. దిగేటప్పుడు ఆమె రెండు అరటిపళ్లు ఇచ్చి, గెలిస్తే మిఠాయి పంపమంది.

అబ్బాసియాలో తొమ్మిదింటికి ఇడ్లీ తిన్నాను. అక్కడినుంచి కబ్ద్‌కు దాణా బస్తాలు తోలే మనవాళ్ల పికప్ పోతుంది. ముందురోజే చెప్పిపెట్టుకుంటే ముందు సీటు దొరుకుతుంది. దారికి రెండు పక్కలా ఇసుక, ఇసుకలో గుడారాలు. చలికాలం కదా, కువైటీలు పిల్లాజెల్లాతో వచ్చి దిగుతారు. ఒంటెల వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను.

పదిన్నరకు దొడ్డి చేరాను. రేకుల గది, దాని నీడలో పుదీన మడి. మస్తాన్ గడ్డం పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి నీళ్ల పైపు కింద పెట్టి, "ఏంది వదినా, కబురన్నా పెట్టకుండా," అన్నాడు. ముందు టీ ఇచ్చాడు. జుమా నమాజుకు పోతూ గొర్రెల్ని చూసుకోమన్నాడు. వచ్చాక సంగటి గెలికాడు. నేను తెచ్చిన గోంగూర పచ్చడి వేసుకుని ఇద్దరం తిన్నాం. అన్నం దగ్గర అడగకూడదని ఆగి, చేతులు కడుక్కున్నాక అడిగాను.

మస్తాన్ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"మా బామ్మర్ది కొడుకు గూడా నిలబడినాడు వదినా. నిన్ననే మాటిచ్చేసినా. ఇచ్చింది ఎట్ల ఎనక్కి తీసుకోను?"

కొంగు దులుపుకుని లేచాను. మాట తప్పమని అడగడానికి నోరు రాలేదు. మాట తప్పే మనిషైతే ఆ రోజు పెట్టె వెంట వచ్చేవాడా?

చెప్పులు వేసుకుంటుంటే గుర్తొచ్చింది. ఈ ఎన్నికలో ఒక్కరికే వేసి ఊరుకోరు. పేర్ల ఎదురుగా ఒకటి, రెండు, మూడు అని వరసగా రాస్తారు. మొదటివాడికి కావాల్సినన్ని ఓట్లు వచ్చేసినా, వాడు ఓడినా ఆ ఓటు రెండోవాళ్లకు పోతుందని సుజాత చెప్పింది.

"అయితే రెండో నంబరు ఎవరికిచ్చినావు?"

"దాన్ని ఎవురూ అడగల్యా."

"నేనడుగుతాండా."

మస్తాన్ పగలబడి నవ్వాడు. అప్పుడే తమ్ముడికి ఫోన్ కలిపి, నాకూ వినపడేట్టు పెట్టాడు. రెండో నంబరు సంగతి చెబితే, ఎవరా పాప అని తమ్ముడు అడిగాడు.

"కడపలో సుజాత అని, మన ఇంటి బిడ్డే అనుకో. రెండోది ఆ పాపకు రాయి. నీ కాడ పనిచేసేటోళ్లకు గూడా చెప్పు."

"సుజాతనా? పోయిన నెల కోర్టులో నన్నే ఓడగొట్టింది గదన్నా."

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. అవతల గొంతు సవరించుకోవడం వినిపించింది.

"రాస్తాంలే. ఆ మాదిరి వాదించేటోళ్లు ఒకరన్నా ఆడ ఉండాల."

మూడింటికి అదే పికప్‌లో బయల్దేరాను. మస్తాన్ నా ఒళ్లో పుదీన కట్ట పెట్టాడు. అబ్బాసియాలో బస్సు మారి, పొద్దుగూకే వేళ మగ్రిబ్ బాంగు వినపడేసరికి ఇల్లు చేరాను. కబ్ద్‌లో చూడ్డానికేముందంటే ఇసుక, గొర్రెలు, గుడారాలు. అయినా ఇన్నేళ్లలో కువైట్లో నేను పోయిన దార్లన్నిట్లో ఇదే మంచి దారి. సుజాత గెలుస్తుందో లేదో లెక్కపెట్టినప్పుడు గాని తెలియదు. నేను పోయిన పని మాత్రం ఒట్టిది కాలేదు.

చాల్లే రమా, ఇంగ ఆపు. ఏదీ, మొదట్నించి చదువు. మస్తాన్ "మన ఇంటి బిడ్డ" అన్నాడే, ఆడ నిదానంగా చదువు.