మందుకు నేను జోడించిన మాట

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, నన్ను కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. గౌనిపల్లి నుంచి బస్సులో అరగంట అనుకోండి, చాలు. నా హోదా ఫార్మసీ అధికారి. పేరుకు అధికారినే గానీ, నా ఏలుబడిలో ఉన్నది ఒక కిటికీ, రెండు ఇనుప బీరువాలు, ఒక ఫ్రిజ్. డాక్టరు చీటీలో రాసిన మందులు ఇవ్వడం, ఎలా వాడాలో చెప్పడం, స్టాకు రిజిస్టరు రాయడం, మందులు అయిపోకముందే జిల్లా గోదాముకు ఇండెంటు పంపడం నా పని. అందులో ‘ఎలా వాడాలో చెప్పడం’ అన్నది నాకు ప్రాణం. నేను పుట్టి పెరిగింది కేజీఎఫ్‌లో, బంగారు గనుల ఆఫీసు గుమాస్తా ఇంట్లో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం. మూడు భాషల్లోనూ గలగలా మాట్లాడే నోరు చిన్నప్పుడే అబ్బింది, ఆ నోటికి తగిన ఉద్యోగమే దొరికింది.

మా కిటికీ దగ్గరికి వచ్చేవి మామూలు జబ్బులే. జలుబు, దగ్గు, కడుపు మంట, విరేచనాలు, టమాటా తోటలో మందు కొట్టి వచ్చాక తలనొప్పి, నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి, బీపీ, షుగరు. మందులు కూడా మామూలువే. కానీ ప్రతి మందు వెనకా ఒక తోక ఉంటుంది, ఆ తోక గురించి చెప్పకుండా నేను ఎవరినీ పంపేదాన్ని కాదు. జలుబు మాత్ర వేసుకుంటే మత్తుగా ఉంటుంది, బండి నడపొద్దు. షుగరు మాత్ర మొదట్లో కడుపు ఉబ్బరం చేస్తుంది, అన్నంతో పాటు తినాలి. ఒక రకం బీపీ మాత్రకు కొందరికి పాదాలు వాస్తాయి, వాస్తే మానేయకుండా వచ్చి చెప్పాలి. వినేవాళ్ళు తల ఊపేవారు. సగంమంది ఇంటికి వెళ్ళేలోపు మరిచిపోయేవారని నాకు తెలుసు, అయినా చెప్పేదాన్ని. ఆడవాళ్ళు నాకు మాత్రలమ్మ అని పేరు పెట్టారు. పైకి కోప్పడేదాన్ని గానీ, లోపల ఆ పేరు నాకు నచ్చింది.

అన్ని మందుల్లోకీ నన్ను ఏడిపించింది ఇనుము మాత్ర. రక్తహీనత అక్కడి ఆడవాళ్ళలో చాలా మామూలు. మాత్రలిస్తే వారం తిని మానేసేవారు. ఎందుకని అడిగితే చాలాసేపు సిగ్గుపడి, విరేచనం నల్లగా అవుతోందని, లోపలేదో కాలిపోతోందని భయమేసిందని చెప్పేవారు. ఒంటికి పట్టకుండా మిగిలిన ఇనుము అలా నల్లగా బయటికి పోతుంది, అంతకుమించి ఏమీ లేదు. మందు పనిచేస్తోందని గానీ, చెయ్యడం లేదని గానీ దాన్నిబట్టి చెప్పలేం. ఈ నిజం ఎంత విడమరిచి చెప్పినా వాళ్ళ భయం పోలేదు. చాలా ఏళ్ళ కిందట, ముళబాగిలు వైపు పనిచేస్తున్నప్పుడు, ఒకరోజు విసుగెత్తి నా సొంతంగా ఒక ముక్క చేర్చాను. “నల్లగా పోతే బయపడొద్దమ్మా, మందు పనిచేస్తా ఉండాదని అర్థం.” అంతే, మాత్రలు తినడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఎక్కడికి బదిలీ అయినా ఆ మాట నాతోనే వచ్చింది.

కొత్త ఊళ్ళో చేరిన రెండో నెలలో మునివెంకటమ్మ వచ్చింది. పేరు మార్చాను, మార్చినా నష్టం లేదు, ఆ వైపు వీధికొక మునివెంకటమ్మ ఉంటుంది. యాభై దాటిన మనిషి, మల్బరీ తోట ఉంది, ఇంటి వెనక షెడ్డులో పట్టు పురుగులు పెంచుతుంది. ఆకు కోసి కోసి, మోపులు మోసి మోకాళ్ళు పట్టేశాయి. డాక్టరు మా అబ్బాయి కంటే చిన్నవాడు, ఓపికగా చూశాడు. ఐదు రోజులకు నొప్పి మాత్రలు, పైన రాసుకోవడానికి ఒక ట్యూబు, కళ్ళ కింద పాలిపోయి ఉందని ఇనుము మాత్రలు రాశాడు. నేను అన్నీ చెప్పాను. నొప్పి మాత్ర అన్నం తిన్నాకే. ట్యూబు పొద్దునా సాయంత్రం. ఇనుము మాత్ర దగ్గరికి వచ్చేసరికి నా ముక్క అప్పజెప్పాను. ఆమె నవ్వుతూ తల ఊపి వెళ్ళింది.

పదిహేను రోజుల తర్వాత, ఓపీ రద్దీగా ఉన్న ఒక సోమవారం పొద్దున, ఆమె భర్త చౌడప్ప చీటీ లేకుండా నేరుగా కిటికీ దగ్గరికి వచ్చాడు. చేతిలో నొప్పి మాత్రల ఖాళీ రేకు. చీటీ లేనిదే మందు ఇవ్వకూడదన్నది నియమం, ఆ సంగతి గట్టిగానే చెప్పబోయాను. ఆయన ముఖం చూస్తే మహా సంతోషంగా ఉంది.

“నీ మందు బలే పనిచేస్తా ఉండాదమ్మా. మూడు దినాల నుంచీ నల్లగా, తారు మాదిరి పోతా ఉండాదంట. లేస్తే కండ్లు తిరుగుతాయంటాది, దానికొక మాత్ర ఇయ్యి, ఇంగ ఇవి గూడా ఇయ్యి” అని రేకు చూపించాడు.

తారు అన్న మాటకు నా చెయ్యి ఆగింది. ఇనుము వల్ల వచ్చే నలుపు గట్టిగా, కొంచెం ఆకుపచ్చగా ఉంటుంది. తారులా జిగటగా, భరించలేని వాసనతో పోతే, కడుపులో ఎక్కడో రక్తం కారుతోందన్నమాట. ఇనుము మాత్రలు ఎన్ని మిగిలాయని అడిగాను. “అవి ముట్టనే లేదమ్మా, డబ్బీలోనే ఉండాయి. తింటే వాంతొస్తాదని, పురుగులు గూడు కట్టినాక తింటాననింది. ఇవే తింటా ఉండాది” అని మళ్ళీ ఆ ఖాళీ రేకే చూపించాడు. ఐదు రోజుల మాత్రలు అయిపోయాక రేకు చూపించి అంగట్లో కొనుక్కొచ్చేవాడట.

నేను చెప్పింది ఒక మాత్ర గురించి. ఆమె అది మందులన్నిటికీ వర్తిస్తుందనుకుంది. అలా అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు, నా మాటే అలా ఉంది. కిటికీ మూసి డాక్టరు గదిలోకి వెళ్ళాను. వరుసలో ఉన్నవాళ్ళు గొడవపెట్టినా ఆగలేదు. 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేలోపు ఆమెను సిద్ధం చేయమని డాక్టరు నన్ను చౌడప్ప బండి మీదే పంపాడు.

పురుగుల షెడ్డు గుమ్మం దగ్గరే నన్ను ఆపేశారు. నా చేతులకు స్పిరిట్ వాసన. పట్టు పురుగులకు ఘాటు వాసన పడదని అక్కడ అందరికీ తెలుసు, నాకు తప్ప. ఆ షెడ్డున్న ఇంట్లో దోమల చుట్ట కాల్చరు, అగరబత్తి వెలిగించరు, తలనొప్పి వచ్చినా బామ్ రాయరు. ఇక ఘాటు వాసన వచ్చే నా ట్యూబు మోకాళ్ళకు రాసుకుని ఆమె ఆకు ఎలా వేస్తుంది? దాన్ని చౌడప్పకు ఇచ్చేసింది. ఆయన దర్జాగా నడుముకు రాసుకుని, షెడ్డులోకి రానివ్వడం లేదన్న సాకుతో అరుగు మీద కూర్చునేవాడు. ట్యూబు లేని లోటు ఆమె మాత్రలతో తీర్చుకుంది, రెండు తినాల్సిన చోట మూడు. పొద్దున్నే పురుగులకు మేత వేయకుండా ఆమె నోట్లో ఏమీ వేసుకోదు. వంగలేక ముందు మాత్ర మింగి, మేత వేసి, ఎప్పటికో అన్నం తినేది. ఖాళీ కడుపులో ఆ మాత్ర ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు. ఆమె రోజు ఎలా గడుస్తుందో మాత్రం నేను అడగలేదు.

ఆమె గోడ పట్టుకుని బయటికి వచ్చింది. పెదాలు తెల్లగా పాలిపోయాయి, ముఖాన చెమట. ఆసుపత్రికి రానంది.

“పురుగులు నాలుగో జ్వరం లేచినాయి. ఇప్పుడు యాడికి వచ్చేది?”

పట్టు పురుగు పొర వదలడాన్ని అక్కడ జ్వరం అంటారు. నాలుగోది దాటాక అవి ఆబగా ఆకు తింటాయి. ఆ వారం మేత తప్పితే అంతకుముందు పడిన కష్టమంతా వృథా. ఆ సంగతి నాకు అర్థమైంది. అయినా ప్రాణం పోతుందని చెప్పాను. ఆమె నమ్మలేదు. “నల్లగా పోతే మంచిదని నువ్వే గదమ్మా చెప్పింది!” అంది.

“ఆ మాట నేను కల్పించి చెప్పినానమ్మా. మీరు మాత్రలు మానకుండా తింటారని చెప్పినాను. నీకు లోపల రత్తం పోతా ఉండాది.”

“నువ్వు గూడా కల్పిస్తావా?” అంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎవరి చేతా అంత మాట పడలేదు. అంత న్యాయంగా కూడా ఎవరూ అనలేదు.

ఆమెను కదిలించింది నేను కాదు, ఆ ఊరి ఆశా కార్యకర్త రాధమ్మ. ఆమె ఇంట్లోనూ పట్టు పురుగులే, వారం కిందటే గూళ్ళు కట్టేశాయి. “నేను తానం చేసి వస్తాను పెద్దమ్మా. నీ కోడలూ నేనూ చూసుకుంటాము. నువ్వు పో” అంది. అప్పటికి గానీ మునివెంకటమ్మ అరుగు మీద పడుకోలేదు. ఏమీ తినిపించకుండా, తాగించకుండా, కాళ్ళు కొంచెం ఎత్తులో పెట్టి ఉంచాను. అంబులెన్సులో సెలైన్ పెట్టి కోలారు జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. గొట్టం వేసి చూస్తే జీర్ణాశయంలో పుండు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఆరో రోజున ఇంటికి వచ్చి, రాధమ్మ ఆకు మరీ ముతకగా తరిగిందని తిట్టిందట. ఆ కబురు విని నేను స్టోరు గదిలోకి వెళ్ళి ఏడ్చాను. సంతోషమే.

డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. “ఇలా ఇంకా ఎంతమందికి చెప్పారు మేడమ్?” అని మాత్రం అడిగాడు. అందరికీ. మందులిచ్చిన రిజిస్టరు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఇనుము మాత్రలు, నొప్పి మాత్రలు రెండూ తీసుకున్నవాళ్ళ పేర్లు రిజిస్టరు నుంచి తీసి ఆశా కార్యకర్తలకు ఇచ్చాం, వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి అడిగారు. ఇంకొకరెవరూ దొరకలేదు. అంతకుముందు పనిచేసిన ఊళ్ళ సంగతి నాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు.

నెల తిరిగాక మునివెంకటమ్మ మళ్ళీ కిటికీ ముందు నిలబడింది. పోయిన రక్తం తిరిగి రావాలంటే ఇనుము మాత్రలు తినక తప్పదు. మోకాళ్ళకు ఆ పాత మాత్రలు ఇక జన్మలో వద్దని, పారాసెటమాల్, వేడి కాపడం, కూర్చుని ఆకు తరగడానికి ఎత్తు పీట చాలని డాక్టరు చెప్పాడు. “ఇప్పుడు నల్లగా పోతే నేనేమి చేసేది?” అని ఆమె అడిగింది. రెండు నలుపులకూ తేడా చెప్పాను. జిగట, వాసన, కళ్ళు తిరగడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే రమ్మన్నాను. తేడా తెలియకపోయినా రమ్మన్నాను. ఆమె విసుక్కుంది.

“ముందు ఒక్క మాటలో చెప్తా ఉండినావు. ఇప్పుడు ఇంత పొడుగా?”

“అది అబద్ధమమ్మా, అందుకే పొట్టిగా ఉండింది” అన్నాను.

ఆ ముక్క మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. దాని ఫలితం కూడా చూశాను, ఇనుము మాత్రలు మధ్యలో మానేసేవాళ్ళు మళ్ళీ పెరిగారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఉన్న నిజమే మళ్ళీ చెప్పాను, కొందరు విన్నారు, కొందరు వినలేదు. మందు ఇచ్చేవాళ్ళు ధైర్యం చెప్పడానికైనా సరే తెలిసినదానికి మించి ఒక్క మాట అనకూడదని, మందు ఇచ్చేముందు ఆ మనిషి రోజు ఎలా మొదలవుతుందో అడగాలని నేను నేర్చుకున్నది అక్కడే. సర్వీసు దాదాపు అయిపోయాక నేర్చుకున్నాను.

మునివెంకటమ్మ ఆ ఏడాది అనుమానంతో మూడుసార్లు వచ్చింది, బస్సు దిగి మోకాళ్ళు పట్టుకుని కుంటుకుంటూ. మూడుసార్లూ డాక్టరు పరీక్ష చేశాడు. మూడుసార్లూ అది ఇనుమే. మూడోసారి ఆమెకు సిగ్గేసి, ఊరికే వచ్చి మిమ్మల్ని సతాయిస్తున్నానంది. నేను కిటికీ వదిలి బయటికి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిపించి, నాలుగోసారి కూడా రమ్మని చెప్పాను.