బరంపురం అవతలి తొట్టి

ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి ఒకటి మా తమ్ముడి కోసం ఒరిస్సా నుంచి తెచ్చాం. తెచ్చిందీ నేనే, దాన్ని పనికి రాకుండా చేసిందీ నేనే. మా ఊళ్ళో ఈ సంగతి రకరకాలుగా చెప్పుకుంటారు. రవాణా ఆఫీసువాళ్ళు కావాలని ఆపారని కొందరు, అమ్మిన ఆవిడ మోసం చేసిందని కొందరు. రెండూ అబద్ధాలే. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాది కవిటి వైపు కొబ్బరితోటల్లో ఒక ఊరు. తమ్ముడు నాకంటే పన్నెండేళ్ళు చిన్న. వాడికి రెండు కిడ్నీలూ పోయాయి. మా వైపు ఇది వింత కాదు, ఏ వీధిలో అడిగినా ఇంకో ఇల్లు చూపిస్తారు. వారానికి రెండుసార్లు పలాస ఆసుపత్రికి వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకు రావాలి. బరువులు ఎత్తకూడదన్నారు. ఒక పూట దుక్కి దున్నితే మర్నాడు మంచం దిగలేడు. వాడికి మిగిలింది తొట్టి లేని ట్రాక్టరు, మేం ఇంజను అంటాం, అదొక్కటే.

నేను పాతికేళ్ళు పలాసలో జీడిపిక్కలు కొట్టాను. ఆ ఫ్యాక్టరీ షావుకారు దగ్గరికి వెళ్ళి అడిగాను. పిక్కల కాలంలో తోటల నుంచి ఫ్యాక్టరీకి బస్తాలు తోలే పని మావాడికి ఇస్తానన్నాడు. తొట్టి సొంతదై ఉండాలి, హైవే మీద తిరగాలి కనక కాగితాలు సరిగ్గా ఉండాలి అన్నాడు. బస్తాలు కూలీలు ఎత్తుతారు, మావాడు స్టీరింగు పట్టుకుని కూర్చుంటే చాలు. వాడి ఒంటికి సరిపోయే పని అదొక్కటే. అది దొరికితే మనుషుల్లో తిరుగుతాడు, లేకపోతే మంచానికి అతుక్కుపోతాడు. పిక్కల కాలం ఇంకో రెండు నెలల్లో ఉంది.

కొత్త తొట్టి మా తాహతుకు మించింది. దగ్గర్లో దొరికే పాతవన్నీ అడుగు తుప్పుపట్టి ఉన్నాయి. బరంపురం అవతల ఒక ఊళ్ళో ఒకావిడ మంచి తొట్టి అమ్ముతోందని మా ఊరికి వచ్చే కొబ్బరికాయల వర్తకుడు చెప్పాడు. మొగుడు జ్వరంతో పోయాడట, తొట్టిని తన పేర మార్పించుకుందట, ఇప్పుడు నడిపేవాళ్ళు లేరట. మేమిద్దరం పలాసలో రైలెక్కి వెళ్ళాం. వాడు ఒక్కడే వెళ్తానన్నాడు. కాగితాలు చూసేది ఎవరు అని నేనూ బయల్దేరాను.

ఈ కాగితాల పిచ్చి గురించి ఇక్కడే చెప్పాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఎనిమిదో ఏట. చదువు మీద ప్రేమతో కాదు. పిక్కల్లోంచి కారే జీడి రసం నా బొటనవేళ్ళ గీతలు తినేసింది. రేషను మిషను మీద ఏ వేలు పెట్టినా నేను నేను కాదంది. సంతకమైనా నేర్చుకోమని అంగన్‌వాడీ టీచరమ్మ కూర్చోబెట్టింది. సంతకంతో ఆగకుండా చదవడం కూడా పట్టుబట్టి నేర్చుకున్నాను. నేర్చుకున్నాక పొగరు వచ్చింది. నిన్నటిదాకా నేనూ వేలిముద్రదాన్నే, కానీ వేలిముద్ర వేసేవాళ్ళను చూస్తే నాకు చిరాకు పుట్టేది.

తొట్టి నిజంగా బాగుంది. తాటాకుల పాక కింద పెట్టి, కొక్కేనికి నూనె రాసి, అడుగు ఊడ్చి ఉంచింది ఆవిడ. ముప్పై ఐదేళ్ళు ఉంటాయేమో. తెలుగువాళ్ళే, ఎప్పుడో అటు వెళ్ళి స్థిరపడినవాళ్ళు. వెనక తలుపు మీద మొగుడి పేరు ఒరియా అక్షరాల్లో రాయించి ఉంది. చెప్పిన ధర న్యాయమైనదే. మావాడు ఒప్పుకునేలా ఉన్నాడని నేను ముందుకొచ్చాను.

“మొగుడు పోయిన ఇంటి ఇనుము. ముండమోపి సేతి బండి మా పొలిమేర దాటిత్తే మావోడికి మంచిదేటి? నీ దగ్గర ఇంకెవులు కొంటారు?” అన్నాను.

నేను ఇరవై ఆరో ఏట విధవనయ్యాను. ఆ మాట మా అత్త నోటా, ఫ్యాక్టరీలో తోటివాళ్ళ నోటా విన్నదాన్ని. అది మనిషికి ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

“అప్పా, ఊరుకో,” అన్నాడు తమ్ముడు. మా వైపు అక్కను అప్ప అంటారు, వాడు నన్ను అలాగే పిలుస్తాడు. నేను ఊరుకోలేదు. ధర బాగా తగ్గించి అడిగి మరో రెండు మాటలు అన్నాను, అవి ఇక్కడ రాయను. ఆవిడ నా మొహంలోకి చూడకుండా, “సరే, నువ్వన్న ధరకే తీసికెల్లండి,” అంది.

అమ్మకం ఫారాల మీద ఆవిడ వేలిముద్ర వేసింది. నేను అక్కడితోనైనా ఆగాలి కదా. “సంతకం రాదేటి నీకు? నాను ముసిల్దాన్నయ్యాక నేర్సుకున్నాను. నీకేటి రోగం?” అన్నాను. ఆవిడ వేలికున్న సిరా జుట్టుకు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. రైల్లో మావాడు నా పక్కన కాకుండా వేరే బల్ల మీద కూర్చున్నాడు. ధర తగ్గించిన సంతోషంలో నేను పట్టించుకోలేదు.

తొట్టి ఆ రాష్ట్రం దాటి ఈ రాష్ట్రంలో తిరగాలంటే అక్కడి రవాణా ఆఫీసు అభ్యంతరం లేదని ఒక కాగితం ఇవ్వాలి. అది రావడానికి నెల పైన పట్టింది. వచ్చాక, ఆసుపత్రి లేని రోజు చూసుకుని, మావాడు ఇంజను తోలుకుంటూ వెళ్ళి తొట్టి తగిలించుకున్నాడు. మడ్‌గార్డు మీద నేను కూర్చున్నాను. ఇచ్ఛాపురం దగ్గర పోలీసు ఆపితే కాగితం మీది నెంబరు నేనే గట్టిగా చదివి వినిపించాను. ఆయన నవ్వి పొమ్మన్నాడు. ఆ పూట నాకంటే గొప్పది లేదు.

కానీ తొట్టిని నేనే ఊళ్ళోకి తీసుకెళ్ళనివ్వలేదు. చావు జరిగిన ఇంటి ఇనుమును నిప్పు చూపించి, రంగు మార్చి గాని పొలిమేర దాటించకూడదని మా పెద్దవాళ్ళు అనేవారు. ధర కోసం అన్న మాటే అయినా, అన్న తరవాత నాకే భయం పట్టుకుంది. నిజంగానే మావాడికి ఏమైనా అయితే? పలాస బయట ఒక వెల్డింగు షాపులో తొట్టిని వదిలాం. మర్నాడు మావాడికి ఆసుపత్రి రోజు. వాణ్ణి ఆసుపత్రి మంచం ఎక్కించి నేను షాపుకు వచ్చాను.

ఆ ఇంటి గీత ఒక్కటి కూడా మిగలకూడదని వెల్డింగు పనివాడికి చెప్పాను. అతను గ్రైండరుతో ముందు మొగుడి పేరు తీసేశాడు. తరవాత పక్కల మీది రంగు, బొమ్మలు. చివర తొట్టిని మోసే కింది ఇనప దూలం దగ్గరికి వచ్చి ఆగాడు.

“మామ్మా, ఇక్కడ నెంబరు కొట్టుంది. ఇది ఉంచీమంటావా?”

“నెంబరు నా కాగితం మీద ఉంది. నాను సదివినాను. ఇనుము మీద దేనికి, గీకీ,” అన్నాను.

అతను మరోసారి అడిగాడు. నీకు చదువొచ్చా నాకు చదువొచ్చా అన్నాను. గీకేశాడు. పైన ఎర్ర రంగు వేసి, గ్యాసు మంట చూపించి, పసుపు రాసి ఇచ్చాడు. మావాడికి కింద దూలం కనిపించలేదు. రంగు చూసి, చాన్నాళ్ళ తరవాత నవ్వాడు. షావుకారు దగ్గరికి వెళ్ళి, ఇంకో పది రోజుల్లో తోలకం మొదలుపెడతానని చెప్పి వచ్చాడు కూడా.

మా వైపు ఆఫీసుకు తొట్టిని తీసుకెళ్తే బ్రేకు ఇన్‌స్పెక్టరు కాగితాలన్నీ చూసి బాగున్నాయన్నాడు. ఆ తరవాత ఒక తెల్ల కాగితం, పెన్సిలు తీసుకుని కింద కూర్చున్నాడు. దూలం మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే కొట్టిన నెంబరు కాగితం మీదికి అచ్చు దిగాలి. రుద్దాడు. కాగితం నల్లబడింది, నెంబరు రాలేదు. జరిపి మరోచోట రుద్దాడు. మూడోసారి రుద్ది లేచి నిలబడ్డాడు.

నెంబరు ఇదిగో సారూ అని కాగితం తీసి చదవబోయాను. ఆయన మర్యాదగానే చెప్పాడు. “అమ్మా, ఆ కాగితం ఏ తొట్టికైనా పెట్టొచ్చు. ఇనుము మీద ఉంటేనే ఇది ఆ తొట్టి. ఇప్పుడిది ఎవరిదో ఎవరికీ తెలీదు.”

ఎవరు గీకారని అడిగాడు. నేనే గీకించానన్నాను. నాకు అబద్ధం అలవాటు లేదు. మావాడు నా వైపు ఒకసారి చూసి, వెళ్ళి ప్రహరీ గోడ నీడన కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తొట్టిని అక్కడే ఆపేశారు. దొంగసొత్తు కాదని తేలాలంటే, రిజిస్ట్రేషను ఎవరి పేర ఉందో ఆ మనిషి స్వయంగా వచ్చి ఇది నాదే, నేనే అమ్మాను అని చెప్పాలి. అక్కడి ఆఫీసు నుంచి ఉత్తరం కూడా తేవాలి. అప్పుడు కొత్తగా నెంబరు కొడతారు. అంటే ఆవిడ రావాలి.

“నాను ఒక్కణ్ణే ఎల్తాను,” అన్నాడు తమ్ముడు. “ఆవిడ కాళ్ళు పట్టుకునైనా తీసుకొత్తాను. నువ్వు రాకు.”

వాడు వెళ్ళిన రైల్లోనే వేరే పెట్టె ఎక్కాను. బరంపురం స్టేషనులో నన్ను చూసి మావాడు ఆగకుండా ముందుకు నడిచాడు.

ఆవిడ మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. వాడు జరిగింది చెబుతుంటే శ్రద్ధగా వింది. రానూ పోనూ ఎన్ని రోజులు పడుతుందని అడిగింది. ఎప్పుడు బయల్దేరాలని కూడా అడిగింది. ఇప్పుడు తలుచుకుంటే, ఆవిడ వచ్చేదే. కానీ నాకు ఆ నిదానం నచ్చలేదు. ఇంకా జాలి పుట్టించాలనుకున్నాను. మావాడి ఎడమచెయ్యి పట్టుకుని చొక్కా భుజం దాకా లాగాను. రక్తం కడగడానికి సూదులు గుచ్చే చోట నరం తాడులా ఉబ్బి మెలికలు తిరిగి ఉంటుంది. ఆ చేతిని వాడు పెళ్ళానికి కూడా సరిగ్గా చూపించడు. ఎదురింటివాళ్ళు, నీళ్ళకు పోయే ఆడవాళ్ళు ఆగి చూశారు.

“సూడు. వీడు ఎన్నాల్లుంటాడో తెలీదు. ఆ బండే వీడికి దిక్కు. నీ దయ,” అన్నాను.

మావాడు చెయ్యి లాక్కోలేదు. తల మాత్రం దించుకున్నాడు.

ఆవిడ ఆ చేతిని చూసింది. అప్పుడు అంది: “ఈ బాబుకి ఇలాగుందని ముందే తెలిస్తే అమ్మకపోదును. రేపు ఈయనకి ఏటైనా అయితే ఆ తొట్టి సేసినాదంటారు. నువ్వే అంటావు. మా ఆయన్ని నానే తినేసినానన్నారు. ఇంకో మనిషిని నా నెత్తినెట్టుకోలేను. ఆ తొట్టి నాదని మల్లీ ఒచ్చి సెప్పను.”

“ఆ మాట ధర కోసం అన్నానమ్మా. మనసులో అనుకుని కాదు,” అన్నాను.

“మరి గీకించింది దేని కోసం?”

ఆవిడ కోపంగా కూడా లేదు. భయపడింది, అంతే. ఆ భయం నేను పెట్టిందే. మావాడు చొక్కా కిందికి దించుకుని, ఆవిడకు దణ్ణం పెట్టి, “ఎల్దాం,” అన్నాడు. అప్పా అనలేదు.

పిక్కల కాలం వచ్చింది. షావుకారు ఆగినన్ని రోజులు ఆగి, మందస వైపు నుంచి వచ్చిన ఒకాయనకు పని ఇచ్చేశాడు. తొట్టి ఆఫీసు గోడ పక్కనే ఉంది, మావాడు చూడ్డానికి కూడా పోలేదు. ఇంజను ఊరికే తుప్పుపట్టడం ఎందుకని ఆ మందస ఆయనకే అమ్మేశాడు. ఇంజను తోలుకుపోయేటప్పుడు మాటల్లో ఆయనకు డ్రైవరు కావాలని తెలిసింది. తన ఇంజను తనే తోలొచ్చు, జీతానికైనా సరే అని మావాడికి ఆశ పుట్టింది. రెండు రోజులు ఆలోచించి నాతో చెప్పాడు. చాలా వారాల తరవాత వాడు నాతో మాట్లాడిన పెద్దమాట అది.

“రేపు ఎల్లి అడుగుతాను. నా ఒంటి సంగతి ఆయనకి తెలీదు. ఆసుపత్రి రోజులు ఎలాగో సద్దుకుంటాను. నువ్వు మాత్రం ఎల్లకు, సెప్పకు.”

అలాగే అన్నాను. కానీ ఆయనకు డ్రైవరు కావాలన్నది నేనూ ముందే విన్నాను. వాడు నాతో చెప్పకముందే, ఆ ఉదయం, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆయన్ని పట్టుకుని, మావాడి జబ్బు, సూదులు, వారంలో పోయే రోజులు అన్నీ చెప్పి బతిమాలి వచ్చాను. ఆయన విని, వారంలో రెండు రోజులు బండి ఆగిపోతే బస్తాలు ఎవరు మోస్తారమ్మా అన్నాడు.

మర్నాడు మావాడు ఇస్త్రీ చేసిన పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకుని వెళ్ళాడు. పదయ్యేసరికి తిరిగొచ్చాడు. వేరేవాణ్ణి పెట్టేసుకున్నాడట అన్నాడు. దాహం అన్నాడు. డాక్టరు చెప్పిన కొలత గ్లాసుతో నీళ్ళు ఇచ్చాను. తాగి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.