మధ్యలోంచి చదివించిన గురూజీ

మా పెద్ద గురూజీ ఇక లేరు. పోయిన సోమవారం పొద్దున పిల్లల్ని ప్రార్థనకు నిలబెడుతుంటే జగదల్‌పూర్ నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. ఆయన ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి, నెల రోజులుగా భయపడుతున్న మాటే. అయినా ఇంకోసారి చెప్పించుకున్నాను.

రాష్ట్ర సరిహద్దు అవతల, కోంటా దాటాక అడవి మధ్యనున్న మా చిన్న ప్రాథమిక బడికి ఆయన ప్రధానోపాధ్యాయుడిగా వచ్చేనాటికి నేనక్కడ మూడేళ్లుగా పనిచేస్తున్నాను. కిరాణా కొట్టువాళ్ల ఆడపిల్లని, నాకు నోరు కాస్త ఎక్కువే. నా మూడో తరగతి పిల్లలు హిందీ పాఠాలు గడగడా చదువుతారని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకునేదాన్ని. ఆయన వచ్చిన రోజే నా క్లాసుకొచ్చి చాప మీద పిల్లల మధ్య కూర్చున్నారు. ఒక పాప పాఠం అందుకుంది. ఆయన మధ్యలో ఒక వాక్యం మీద వేలుపెట్టి, ఇక్కడి నుంచి చదవమని పిల్లల ఇంటి భాషైన దొర్లీలో అడిగారు. పాప ఆ వాక్యాన్ని తేరిపార చూసి, మళ్లీ పాఠం మొదటికే వెళ్లింది. ఎన్నిసార్లు అడిగినా అంతే. ఇంట్లో దొర్లీ తప్ప వినని పిల్లలు నా గొంతు విని పాఠమంతా బట్టీ పట్టేశారు. అదే చదువనుకుని మురిసిపోయింది నేను.

సాయంత్రం ఆయన మీద విరుచుకుపడ్డాను.

"పిల్లల ముంగట నా ఇజ్జత్ తీసిన్రు సార్."

"పోయింది నీది కాదు బిడ్డా, నాది. బడి నాది గదా."

"మీరు ఇయ్యాలనే వచ్చిన్రు!"

"వచ్చినంక నాదే. ఇంక ఏం జేద్దామో జెప్పు."

మర్నాడు ఆయన ఒకటో తరగతి తీసుకున్నారు. పెద్ద గురూజీ అంటే ఆఫీసు గదిలో ఉంటారని, చెబితే ఐదో తరగతికి చెబుతారని అనుకునేవాళ్లం. "పట్టు తప్పుతున్నది ఆడనే, నాకియ్యండి" అన్నారు. దొర్లీ మాటలనే హిందీ అక్షరాల్లో బోర్డు మీద రాసేవారు. మా మాట మాకు రాదా అని తల్లులు నవ్వారు. రిజిస్టర్లు బడి వదిలాకే తెరిచేవారు. ప్రతి శనివారం ఒకరి తరగతిని ఇంకొకరం, ఎన్నడూ చెప్పని పేజీ ఇచ్చి చదివించాలి. శనివారమంటే పిల్లలకన్నా మాకే గుబులు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో బడి ఖాళీ అయితే, తనూ బుట్ట పట్టుకుని చెట్ల కిందికి వెళ్లి, ఏరడం అయ్యాక పిల్లల్ని వెంటబెట్టుకొచ్చేవారు. ఆయన బుట్ట సగం కూడా నిండేది కాదనుకోండి.

ఆ ఏడాది తనిఖీకొచ్చిన అధికారితో, "వీళ్లకు ఇంకా చదవడం రాదు సార్, నేర్పుతున్నాం" అని మొహం మీదే చెప్పేశారు. సంజాయిషీ అడుగుతూ నోటీసొచ్చింది. మేం బిక్కచచ్చిపోయాం.

"నోటీసు నాకొచ్చింది. మీరు క్లాసులకు పోండి," అన్నారు.

రెండేళ్లు పట్టింది. తర్వాత మా పిల్లలు పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదవకుండా పారేసేవారు కాదు. గురూజీని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం, "ఇంకా నలుగురికి రాలె" అని ఆ నలుగురి పేర్లూ చెప్పేవారు. ఆయన రాకపోతే నేను ఇప్పటికీ బట్టీనే చదువనుకునేదాన్ని. ఆ మాట ఆయనుండగా ఒక్కసారీ చెప్పలేదు. ఆ బాధ నాకుంది.

వచ్చే వారం మళ్లీ తనిఖీ. గురూజీ మంచాన పడ్డప్పటి నుంచి ఇన్‌చార్జి నేను. తోటి మాస్టారు నన్ను పక్కకు పిలిచారు.

"రెండు పాఠాలు బట్టీ పట్టిద్దాం మేడమ్. ఈసారి నోటీసొస్తే మనకెవరున్నరు?"

మాస్టారిని తప్పుపట్టను, ఆ భయం నాకూ ఉంది.

"నేనున్న. బట్టీ వద్దు," అన్నాను.

బుధవారం బడిలో సంతాప సభ పెట్టాం. గురూజీ భార్య పిల్లలకు హిందీలో ఉత్తరం రాసి పంపారు. నేనే చదువుదామని లేచి, మనసు మార్చుకున్నాను. ముందు వరసలోని నాలుగో తరగతి పాప చేతికిచ్చాను. ఆసుపత్రి మంచం మీద కూడా ఆయన రోజూ మీ హాజరు అడిగేవారని ఉందందులో. ఆ వాక్యం మధ్యలో చేతిరాత అంతుపట్టక పాప ఆగిపోయింది. సభంతా ఆమెనే చూస్తోంది. మాట అందించడానికి నా పక్కనున్న, బట్టీ పట్టిద్దామన్న మాస్టారు నోరు తెరిచి, తనంతట తానే మూసుకున్నారు. పాప కాగితాన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకుని, వేలు జరుపుతూ ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని, ముందుకు చదివింది.