పన్నెండో బ్యాటు కోసం

గురువారం ఉదయం ఏడుంబావుకు బెంజ్ సర్కిల్ దగ్గర అవనిగడ్డ బస్సు ఎక్కాను. కూచిపూడి వైపు వెళ్లేవాళ్లు పెద్ద బస్టాండు దాకా పోనక్కర్లేదు. ఫ్లైఓవర్ కింద కాసేపు నిలబడితే చాలు, ఏదో ఒక బస్సు వస్తుంది. కాకపోతే సీటు దొరకదు. నాకు కంకిపాడు దాకా దొరకలేదు. ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో మూడడుగుల పొడుగున్న ఖాళీ గుడ్డసంచీ పట్టుకుని నిలబడ్డాను.

కంకిపాడులో సీటు దొరికాక పక్కనున్న ఆవిడ ఆ సంచీని చాలాసేపు చూసింది. కూతురి డాన్సు ప్రోగ్రాముకి జడా, నడుముపట్టీ కొనడానికి కూచిపూడి వెళ్తోందట.

"మృదంగం సంచీ అంత లావుగా లేదు, వేణువుకైతే మరీ పెద్దది. ఏం పెడతారండీ ఇందులో?" అంది.

"క్రికెట్ బ్యాటండీ."

"ఈ వయసులో ఆడతారా!" అని నవ్వేసింది. నేనూ నవ్వాను. ఆ పూట నాకు నవ్వడం కష్టం కాలేదు.

ఈ ప్రయాణం దేనికో చెప్పాలి. నా పద్నాలుగో ఏట మా బడి మైదానంలో ఒక జిల్లా మ్యాచ్ జరిగింది. మైదానం పక్కనే బందరు కాలవ. భావనారాయణ గారని, కూచిపూడి అవతల ఒక చేనేత ఊరి నుంచి వచ్చిన కుర్రాడు, ఆ రోజు మూడుసార్లు బంతిని కాలవలో పడేశాడు. మూడోసారికి ఇక బంతులు లేక అంపైర్లు టీ తాగడానికి వెళ్లారు. ఆయన ఆ తర్వాత రాష్ట్ర జట్టుకు ఆడారు. దేశం జట్టులోకి మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో తెలిసినవాళ్లు చెప్పరు, చెప్పేవాళ్లకు తెలియదు. నా మట్టుకు నాకు అంతకన్నా గొప్ప బ్యాట్స్‌మన్ పుట్టలేదు.

నాది కళ్లద్దాల కొట్టు. పన్నెండేళ్లుగా ఆయన ఆడిన బ్యాట్లు పోగుచేస్తున్నాను. పదకొండు దొరికాయి. మా ఇంట్లో ఫ్రిజ్ ఉండాల్సిన చోట వాటి అద్దాల బీరువా ఉంది, ఫ్రిజ్ పడగ్గదిలో ఉంది. మా ఆవిడ దీని గురించి ఏమంటుందో ఇక్కడ రాయడం మర్యాద కాదు. పోయిన కార్తీకంలో భావనారాయణ గారు పోయారు. ఆ కబురు విని మా బడి హెడ్మాస్టరు గారు, "ఆయన పేరుతో ఒక గది పెడదామండీ, మీ బ్యాట్లన్నీ అందులో ఉంటాయి" అన్నారు. ఆదివారం ప్రారంభం. ఆఖరి మ్యాచ్ ఆడిన బ్యాటు ఒక్కటీ దొరికితే సంపూర్ణం. అందుకే భావనారాయణ గారి తమ్ముడు మార్కండేయులు గారికి సోమవారం ఫోన్ చేశాను. "రండి, చూద్దాం లెండి" అన్నారాయన.

బ్యాట్లన్నీ ఆయన ఇంటి నుంచే వచ్చాయి. భావనారాయణ గారు ఉద్యోగం మీద ఎక్కడో ఉత్తరాదిలో స్థిరపడిపోయారు. నేను ఒక్కసారే ఫోన్లో మాట్లాడగలిగాను. "బ్యాట్లా? ఏమోనండీ, తమ్ముణ్ణి అడగండి" అన్నారు. గొప్పవాళ్లు ఇంతే, తమ గురించి చెప్పుకోరు అని మురిసిపోయాను. తమ్ముడు ఇచ్చిన మొదటి బ్యాటు పిడికి రబ్బరు తొడుగు లేదు. మగ్గం మీద వాడే పడుగు దారం ఒక్క పోగు కూడా అటూ ఇటూ కాకుండా చుట్టి ఉంది. నేతగాళ్ల ఇంటి బిడ్డ తన బ్యాటుకు తానే దారం చుట్టుకున్నాడు! ఆ రోజు నుంచి అదే నాకు గుర్తు. దారం ఉంటే ఆయనది, లేకపోతే కాదు. భూతద్దం పెట్టి బంతి తగిలిన ఎర్రమచ్చలు చూసి, ఏది ఏ మ్యాచ్‌దో నేనే తేల్చి చీటీలు రాసి అంటించాను.

ఎనిమిదిన్నరకు బస్సు ఉయ్యూరులో పది నిమిషాలు ఆగింది. స్టాండు బయట బండి మీద ఇడ్లీ బాగుంటుంది, అల్లం చట్నీ అడిగి వేయించుకోవాలి. తొమ్మిదిన్నర దాటాక కూచిపూడిలో దిగి, షేర్ ఆటోలో ఇంకో పావుగంట వెళ్లాను. రెండువైపులా ఊడ్పులయిన పొలాలు. ఆటో దిగగానే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. పోయినేడు కన్నా ఈసారి తక్కువ వినిపించింది.

మార్కండేయులు గారు ఇంట్లో లేరు, నూలు కోసం వెళ్లారట. ఆయన భార్య కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది.

"కూర్చోండి అన్నయ్య గారూ, వచ్చేస్తారు. మీరు ఫోన్ చేసిన కాణ్ణించీ ఆయనకి వేరే ధ్యాస లేదు. మూడు రోజులు మగ్గం ఎక్కలా. రాత్రే పూర్తయింది. ఇదుగో" అని లోపలి నుంచి బ్యాటు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

పూర్తయింది అన్న మాట నాకు ముందు అర్థం కాలేదు. పిడి మీద అదే దారం, అదే చుట్టు. వేలు పెట్టి నిమిరాను. తడిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గంజి వాసన.

"ఆరలేదా? ముసురు కదండీ, గంజి తొందరగా ఆరదు" అందావిడ, కూర కాస్త ఉడకలేదని చెప్పినంత మామూలుగా.

మార్కండేయులు గారు వచ్చేసరికి నేను ఆ బ్యాటుతో అలాగే కూర్చుని ఉన్నాను. ఆయన నా ముఖం చూశారు, పిడి చూశారు, భార్య వైపు చూశారు. నూలు కట్ట కింద పెట్టి గడప మీద కూలబడ్డారు.

"అన్నయ్య ఇంటికి ఒక్క బ్యాటూ తేలేదండీ. ఆట అయిపోగానే అక్కడ ఎవరు చెయ్యి చాపితే వాళ్లకిచ్చేసి ఒట్టి చేతుల్తో వచ్చేవాడు. మీరు మొదటిసారి వచ్చిన రోజు గుర్తుందా? ఎండన పడి వచ్చారు, అన్నయ్య పేరు చెప్తుంటే మీ కళ్లమ్మట నీళ్లు. అంత దూరం నుంచి వచ్చినాయన్ని లేదని ఎట్టా పంపుతామండీ? ఇంట్లో ఉన్నది ఇచ్చా."

"ఎవరిదది?"

"నాది. నేనూ ఆడేవాణ్ణి, మా ఊరి జట్టుకి. పిడి చీలితే దారం చుట్టుకున్నా." నూలు కట్ట దగ్గరకు లాక్కున్నారు. "అది చూసి మీరే అన్నారు, దారం ఉంటేనే అన్నయ్యదని. తర్వాత వచ్చినప్పుడల్లా ఇంకోటుందా అనడిగేవాళ్లు. పిల్లలు ఆడి పారేసినవి తెచ్చి చుట్టి ఇచ్చాను. ఏ మ్యాచ్‌దని నేనెప్పుడూ చెప్పలేదండీ. అవన్నీ మీరే చెప్పారు."

నిజమే. ఆయన నోటి వెంట ఒక్క అబద్ధం రాలేదు, ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. అన్నీ నేనే చెప్పాను. కోప్పడదామంటే నా మీద తప్ప ఎవరి మీదా కోపం నిలవలేదు. పన్నెండేళ్లు మట్టిలో కలిశాయి. ఏడుపొచ్చింది, ఆవిడ చూస్తోందని ఆపుకున్నాను.

పన్నెండింటికే భోజనం పెట్టారు. దోసకాయ పప్పు, ములక్కాడ పులుసు, గడ్డపెరుగు. ఏం తిన్నానో తెలియలేదు. బయల్దేరేటప్పుడు మార్కండేయులు గారు బ్యాటును తన చేతులతో నా సంచీలో పెట్టారు. సంచీ మూతి నేనే కట్టుకున్నాను. "దారం బాగా చుట్టానండీ ఈసారి" అన్నారు నేల చూపులు చూస్తూ.

కూచిపూడిలో గంట సేపు బస్సు లేదు. బడ్డీకొట్టు బల్ల మీద కూర్చుంటే ఇంకో సంగతి తట్టింది. చెయ్యి చాపిన వాళ్లకు ఇచ్చేసేవాడట. అంటే ఆ చేతులు చాపినవాళ్లు నా దగ్గరకు వచ్చారు. ఈ పన్నెండేళ్లలో రబ్బరు తొడుగు ఉన్న బ్యాట్లు ఐదో ఆరో నా కొట్టుకు వచ్చాయి. అన్నిటినీ దారం లేదని వెనక్కి పంపాను.

వాళ్లలో ఒకాయన చిరునామా నాకు తెలుసు. ఉయ్యూరు కోటేశ్వరరావు గారు, భావనారాయణ గారి జట్టులో బౌలరు, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఏడేళ్ల కిందట బ్యాటును తువ్వాల్లో చుట్టుకుని బస్సులో వచ్చారు. నేను రెండు నిమిషాలు భూతద్దంతో చూసి, "ఇది ఆయనది కాదండీ" అన్నాను. "నా చేతికే ఇచ్చాడండీ" అన్నారాయన. "వయసు మీద పడితే జ్ఞాపకం అలాగే మోసం చేస్తుంది లెండి" అని నవ్వాను. పాపం, అంత దూరం వచ్చినందుకు నా దగ్గరే కళ్లజోడుకు చెప్పి వెళ్లారు. కళ్లజోడు పంపించింది ఆ చిరునామాకే.

మూడున్నరకు ఉయ్యూరులో దిగాను. ఆటోవాడికి వీధి పేరు చెబితే ఐదు నిమిషాల్లో దింపాడు. ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నారు, నేను చేసిన కళ్లజోడుతోనే.

"కళ్లద్దాల ప్రసాద్ గారా! రండి రండి! ఏమేవ్, టీ పెట్టు!"

నేను కూర్చోకుండానే బ్యాటు సంగతి అడిగాను.

"అదా? మూడేళ్లయిందండీ, చలికాలంలో నీళ్లపొయ్యిలోకి పోయింది. మీరు చెప్పాక నాక్కూడా అనుమానం పట్టుకుంది. ఆ రోజు నాకిచ్చింది వాడేనా, ఇంకెవడైనానా అని. అప్పటిదాకా వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాణ్ణి, భావనారాయణ ఆఖరాటలో ఆడిన బ్యాటు నా దగ్గరుందని. తర్వాత మానేశా. లేనిది చెప్పుకోవడం ఎందుకు చెప్పండి."

ఆఖరాట. నేను సంచీ పట్టుకుని బయల్దేరింది ఆ బ్యాటు కోసమే.

"కోటేశ్వరరావు గారూ, అది ఆయనదేనండీ. మీ జ్ఞాపకం నూటికి నూరుపాళ్లూ నిజం. పొరబడింది నేను. దారం గుర్తే తప్పు. మార్కండేయులు గారే చెప్పారు" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, నన్ను జాలిగా చూశారు. నవ్వారు. ఏడేళ్ల కిందట నేను నవ్విన నవ్వే అది.

"పెద్దమనసు మీది. ముసలాణ్ణి బాధపెట్టానని గుర్తుంచుకుని ఇంత దూరం వచ్చారు. నా మనసు కష్టపెట్టకూడదని అట్టా అంటున్నారు. నాకు తెలుసండీ. టీ తాగండి, చల్లారిపోద్ది."

ఎన్ని విధాల చెప్పినా నమ్మలేదు. దేవుడి మీద ఒట్టు వేసినా, "అయ్యో, ఒట్లెందుకండీ" అన్నారు. టీ తాగాను. వెళ్లేటప్పుడు బెల్లం పొట్లం చేతిలో పెట్టారు.

ఐదుంబావుకు విజయవాడ బస్సు ఎక్కాను. ఈసారి కిటికీ పక్కనే సీటు దొరికింది. ఈ దారిలో వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ. బస్సులు బాగున్నాయి, ఇడ్లీ బాగుంది, మనుషులు మరీ మంచివాళ్లు. వాళ్లలో ఎవరి ఇంటికైనా వెళ్లేటట్టయితే ముందు ఫోన్ మాత్రం చేయకండి. మీరు ఏది వెతుక్కుంటూ వస్తున్నారో తెలిస్తే వాళ్లు దాన్ని సిద్ధం చేసి ఉంచుతారు. చూసుకుంటూ పోతే నన్ను మోసం చేసినవాడు ఒక్కడూ కనపడలేదు. నిజమైన బ్యాటు బూడిదైంది, దాని సంగతి తెలిసిన ఒక్క మనిషికీ ఆ నమ్మకం లేకుండా చేసింది నేను. తక్కిన నలుగురైదుగురి ఇళ్లకూ వెళ్లాలా? వెళ్లి ఏం చెప్పినా మర్యాదకు అంటున్నాననుకుంటారు.

కంకిపాడు దాటుతుండగా హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు.

"దొరికిందా ప్రసాద్ గారూ? పిల్లలు బీరువాలో మధ్య అర ఖాళీగా ఉంచారండీ దానికోసం. బోర్డు కూడా రాసేశారు. ఒకటే ఎదురుచూపు."

బస్సు హారన్ మోతలో ఫోన్ చెవికి నొక్కుకున్నాను. వెనక పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి. దొరికిందా సార్, దొరికిందా సార్ అని ఎవరో అడుగుతున్నారు.

"దొరికిందండీ. తీసుకొస్తున్నాను" అన్నాను.

ఒళ్లో సంచీలోంచి గంజి వాసన వస్తూనే ఉంది. ఆదివారానికి ఆరిపోతుంది.