మెసేజ్ వెనకాలే మోపెడ్

త్రికోటేశ్వరరావుకి ఉన్నది ఒకటే జబ్బు. ఫోన్లో ఎవరికైనా మెసేజ్ పంపితే, అది చేరిందో లేదో కనుక్కోవడానికి మోపెడ్ వేసుకుని స్వయంగా వెళ్లాలి.

"ఫోన్ చేసి అడగొచ్చుగా" అంటే, "ఫోను సరిగా పనిచేస్తోందా అని ఫోన్నే అడిగితే నిజం చెప్తుందా?" అంటాడు. పిడుగురాళ్లలో కూర్చుని వినుకొండలో ఉన్న స్నేహితుడికి "శుభోదయం" అని పంపి, వెనకాలే బస్సెక్కి వెళ్లి, అది చేరిందని కళ్లారా చూసి చీకటిపడే వేళకి తిరిగొచ్చిన ఘనుడు.

ఆయన పనిచేసే కంటిచూపు సేవాసంఘం ఆఫీసంటే రెండు బల్లలు, ఒక ఫ్యాను. ఒక బల్ల కోఆర్డినేటర్ నీలిమది. రెండోది, ఊరూరా కరెంటు మీటర్లు చదివి రిటైరై, ఇక్కడ జీతం లేకుండా చాకిరీ చేస్తున్న ఈయనది. నీలిమకి మెసేజ్ పంపి, కుర్చీలోంచి లేచి, నాలుగడుగులు నడిచొచ్చి మరీ అడిగేవాడు.

"వచ్చిందా అమ్మా?"

"వచ్చింది బాబాయ్. ఎలాగూ ఇంతదూరం వచ్చారు, అదేంటో నోటితో చెప్పేయొచ్చుగా."

"చెప్పేస్తే ఇంక మెసేజ్ ఎందుకు? చదువు."

చదివింది. "టీ తాగుదామా" అని ఉంది.

ఆయన సంచిలో ఎప్పుడూ మూడు రకాల చార్జర్లుండేవి. ఎవరింట్లోనైనా ఫోను చచ్చి పడుంటే, చార్జింగ్ పెట్టి, అది బతికిందాకా మంచం మీద కూర్చునేవాడు. ఈలోగా ఆ ఇంటివాళ్లు మజ్జిగ ఇచ్చేవాళ్లు. పాత ఫోనైతే భోజనం కూడా అక్కడే.

ఈ ఏడాది నీలిమ సంఘం పనంతా ఫోన్లోకి మార్చింది. మాచవరం చుట్టుపక్కల కళ్లలో శుక్లాలున్న నలభై మంది నంబర్లు రాయించుకుంది. వాళ్లలో హన్నమ్మకి రెండు కళ్లూ మసకే. ఏది పండుకాయో ఏది పచ్చికాయో తెలియడం లేదని ఆమెని మిరపకోతకి పిలవడం మానేశారు. ఆదివారం పొద్దున ఏడింటికి ఆపరేషన్లకి తీసుకెళ్లే బస్సు గుంటూరు నుంచి వస్తుంది. ముప్పై మందైనా ఎక్కకపోతే ఈ ఏడాదికి ఇంక ఇటు రామని ఆసుపత్రివాళ్లు ముందే తేల్చేశారు.

నీలిమ నలభై మందికీ మెసేజ్ కొట్టింది. సాయంత్రానికల్లా అన్నిటికీ నీలం టిక్కులు పడ్డాయి. పదిమంది బొటనవేలి బొమ్మ కూడా పెట్టారు.

"చూశారా బాబాయ్, అందరూ చదివేశారు. ఇంక మీరు ఎండలో మోపెడ్ మీద ఊరేగక్కర్లేదు. వెళ్లారంటే తాళంచెవి దాచేస్తా."

"సరేనమ్మా" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అనుమానించాల్సింది. నీలిమ సంతోషించింది.

ఆదివారం బస్సు సమయానికే మాచవరం సెంటర్లో వచ్చి నిలబడింది. ఎక్కడానికి మాత్రం ఒక్క మనిషి లేడు. ఏడూ పదికి డ్రైవరు వాచీ చూసుకోవడం మొదలుపెట్టాడు. నీలిమ కంగారుగా హన్నమ్మ నంబరుకి ఫోన్ చేసింది. ఎవరో కుర్రాడు ఎత్తాడు.

"మా అమ్మమ్మ కోసమా అండీ? నేను హైదరాబాదులో ఉంటా. మెసేజ్ చూసి వేలు పెట్టానుగా."

"ఆమెకి చెప్పావా బాబూ?"

"ఆమెకి ఫోన్ లేదుగా అండీ."

రెండో నంబరు నరసరావుపేటలో ఉన్న అల్లుడిది. మూడోది మాచర్లలో ఉండే కోడలి తమ్ముడిది. నమోదు కాగితంలో ఫోన్ నంబరు అడిగారు కాబట్టి, చుట్టాల్లో ఎవరికి మంచి ఫోనుందో వెతికి మరీ వాళ్ల నంబరు మర్యాదగా రాయించారు.

అప్పుడు వినపడింది మోపెడ్ చప్పుడు. దాని వెనక నాలుగు ఆటోలు. చేతులు పట్టుకుని ఒక్కొక్కరినే దించితే ముప్పై నలుగురు తేలారు.

"వెళ్లొద్దన్నానుగా బాబాయ్" అంది నీలిమ.

"క్యాంపు పని మీద వెళ్లలేదమ్మా. మెసేజ్ వచ్చిందా అని అడిగొద్దామని వెళ్లా."

బస్సు కమ్మీ కోసం తడుముకుంటున్న హన్నమ్మ నవ్వింది. "ఈయనకి ఫోను చేతగాదమ్మా. మూడు రోజుల నుంచీ ఊళ్లమ్మట ఒకటే తిరగటం. 'నా ఫోన్లో అక్షరాలు సరిగా పోవట్లా, ఏం రాశానో నేనే చదువుతా, తప్పులుంటే చెప్పండి' అంటాడు. చదువుకున్నోడే గానీ చానా అమాయకుడు. పోనీలే పాపం అని విన్నాం."

నీలిమ ఆయన వంక చూసింది. ఆయన మోపెడ్ అద్దం తుడుచుకుంటున్నాడు. చదవడం రాదనీ, కళ్లు కనపడటం లేదనీ చెప్పుకోవడానికి ఈ మనుషులు ఎంత సిగ్గుపడతారో గడప గడపా తిరిగిన ఆయనకి తెలుసు. ఆ సిగ్గేదో వాళ్లకి లేకుండా, చేతగానివాడన్న పేరు తనే మోస్తున్నాడు. నీలిమకి ఆయన్ని చూస్తే ముద్దొచ్చింది. పైకి మాత్రం "ఎండెక్కుతోంది, ఎక్కండి ఎక్కండి" అంది.

"కళ్లొచ్చాక ఆ మెసేజేందో నేనే చూస్తా" అంది హన్నమ్మ బస్సెక్కుతూ. "ఈయన ఉన్నదున్నట్టు చెప్పాడో లేదో."

సోమవారం నీలిమ నమోదు కాగితం మార్చింది. ఫోన్ నంబరు కింద "ఈ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది?" అని ఒక గడి, "విషయం ఎవరు చెప్తారు?" అని ఇంకో గడి చేర్చింది. ఇక మీదట రాతకు బదులు గొంతు రికార్డు చేసి పంపాలనుకుని, మొదటిది త్రికోటేశ్వరరావుకే పంపింది. పంపాక కాసేపు ఆగింది. మనసు ఊరుకోలేదు. లేచి, నాలుగడుగులు నడిచి ఆయన బల్ల దగ్గరికి వెళ్లింది.

"వచ్చిందా బాబాయ్?"

"అది ఎప్పుడో వచ్చింది. నువ్వే ఇంకా రాలేదేంది అనుకుంటున్నా."